పిగిలిపిట్టకు వదిలిన ఇల్లు

మా చివ్వెంల దిక్కు ఇంట్లోకి గుడ్లగూబ వస్తే ఇల్లు వదలాలి. తాళం వేసి, కొన్నాళ్లు ఎక్కడైనా తలదాచుకుని, తిరిగొచ్చి పాలు పొంగించాకే అది మళ్లీ మన ఇల్లు. 2004 ఎండాకాలంలో ఒక సాయంత్రం గూబ వచ్చి మా ముందుగది దూలం మీద కూర్చుంది. నాన్న కట్టెతో తోలేశాడు గానీ, నాయనమ్మ అప్పటికే మూట కడుతోంది. తెల్లారితే కోదాడలో మేనత్త ఇంటికి ప్రయాణం.

నాకు ఏడుపొచ్చింది. అదే గదిలో ట్యూబ్‌లైటు మీద పిగిలిపిట్ట గూడు కట్టి పిల్లల్ని పెట్టింది. పగలంతా తలుపులోంచి వచ్చిపోతూ వాటికి పురుగులు తెచ్చేది. తాళం పడితే పిల్లలు ఆకలికి చస్తాయి.

"పిట్టల కోసం పీడను ఇంట్ల పెట్టుకుంటమా?" అన్నాడు నాన్న.

గూబ పాపిష్టిది కాదని నాయనమ్మను ఒప్పించాలని, ఆదివారం పేపర్లో చదివింది చెప్పాను. ఎక్కడో సముద్రం నడుమ దీవిలో ఒక గూబ ఉండేదట. నవ్వినట్టు కూసేదట. రాళ్ల సందుల్లో నేల మీదే గుడ్లు పెట్టేది. మనుషులొచ్చారు, వెంట పిల్లుల్ని తెచ్చారు. ఇప్పుడు ఒక్కటీ లేదు. మన పిగిలిపిట్టేమో మనుషుల నడుమే గూడు కట్టి బతుకుతోంది.

"గూబ వస్తే ఆ దీవోళ్లు ఇల్లు ఇడిసిపోయిండ్రా?" అంది నాయనమ్మ.

"లేదు. వాళ్లు ఆడనే ఉన్నరు. గూబే పోయింది."

ఆమె మూట వదిలేసి ట్యూబ్‌లైటు మీది గూడు దిక్కు చూసింది.

"మనుషులు రాబట్టి అది సచ్చె. మనం పోబట్టి ఇది సస్తది. గిదేం కర్మ."

పొద్దున ఇల్లు వదిలాం, కోదాడకు మాత్రం కాదు. వాకిలి దాటి బర్రెల కొట్టంలోకి. పిట్ట కోసం ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. రాత్రుళ్లు నాన్న గొణుక్కుంటూ గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకునేవాడు.

"ఏందత్తా, ఇల్లు పిట్టకు కిరాయికిచ్చినవా?" అని ఎదురింటి కోడలు నవ్వింది.

"కిరాయి మంచిగనే ఇస్తది. పొద్దుగాల లేసి పాడుతది" అంది నాయనమ్మ.

పిల్లలు ఎగిరిపోయాకే పాలు పొంగించింది.

ఆమె పోయాక, నా ఉద్యోగం కోసం సూర్యాపేటలో కిరాయింటికి మారాం. ఇక్కడా పొద్దున్నే తీగ మీద పిగిలిపిట్ట పాడుతుంది. వింటే కొట్టంలో పేడవాసన, పక్కనే నాయనమ్మ గురక గుర్తొస్తాయి. ఏ గూబా రాకుండానే ఆ ఇల్లు వదిలేశాం. ఈసారి తాళం వేసే వచ్చాం.