బొమ్మలో కనబడని ఎరుపు

మొన్న మోకాళ్ళ నొప్పికని కడపలో స్కానింగుకు పోతే, అక్కడి అమ్మాయి నా మోకాలిచిప్పను తెరమీద గిరగిరా తిప్పి చూసేసి, నేను చెప్పులు వేసుకునేలోపలే రిపోర్టు చేతిలో పెట్టింది. నొప్పి మాట అటుంచి నాకు నాయన గుర్తొచ్చాడు.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. ఇదే ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, అణు రియాక్టరు లోపల ఎక్కడెక్కడ ఎంత వేడి ఉంటుందో కంప్యూటరులో లెక్కగట్టే పీహెచ్‌డీ పరిశోధన ఒకటి నెత్తికెత్తుకున్నాను. లెక్కలకే వారాలు పట్టేవి, వచ్చిన అంకెల గుట్టను పొడవు, వెడల్పు, లోతు ఉన్న రంగుల బొమ్మగా మార్చడం ఇంకో తిప్పలు. చల్లనిచోట నీలం, వేడి ముదిరినచోట ఎరుపు. ఆ బొమ్మ ఒకసారి పక్కకు తిరిగేలోపల టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు, ఈలోగా కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికే. ఐదేళ్ళయినా పట్టా రాలేదు, ఓపిక మాత్రం అయిపోయింది. ఆఖరికి బొమ్మంతా నీలంగా కనబడేసరికి, సోమవారం గైడుగారికి పంపేస్తే పీడ విరగడవుతుందనుకున్నాను.

ఆ ఆదివారం నాయన ఎర్రగుంట్ల నుంచి అమ్మ చేసిన ఓళిగలు పట్టుకొని వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా గనిలో నాపబండలు కోసిన మనిషి, బడి మొహం చూడనివాడు. నా కుర్చీ వెనక నిలబడి, దగ్గుతూనే, బొమ్మనూ, దాని పక్కన ఏ రంగు ఎంత వేడో చూపే పట్టీనీ చాలాసేపు చూశాడు.

"ఈ పట్టీలో ఎరుపు ఉండాదే, బొమ్మలో యాడా లేదేమ్మా?" అన్నాడు. "బండ గూడా పైన శానా నున్నగా ఉంటాది. కోసినాకనే గదా లోపలి చార బయటపడేది."

విసుక్కున్నాను. అయితే కంప్యూటరు ఆ పట్టీని బొమ్మ లోపలి వేడిని కూడా కలుపుకొని గీస్తుందని నాకు తెలియనిది కాదు, తెలిసీ చూడలేదు. బొమ్మను నడిమికి కోసి చూస్తే, నట్టనడుమ ఒక ఇంధనపు కడ్డీ ఎర్రగా కాలిపోతోంది. దాని చుట్టూ పారే నీళ్ళ లెక్కను నేనే తప్పుగా ఎక్కించాను. అది అట్లాగే పంపివుంటే నా పరిశోధన అంతటితో సరి. ఏడ్చి, మొహం కడుక్కొని మళ్ళీ మొదలుపెట్టాను. మరుసటేడు పట్టా వచ్చింది.

ఇప్పుడు ఎవరి లోపలైనా నిమిషంలో చూపించే యంత్రాలొచ్చాయి. ఆ రోజుల్లోనూ ఎక్స్‌రే లేకపోలేదు. నాయన దగ్గు రాళ్ళ దుమ్ముదేలే అని ఇంటిల్లిపాదీ అలవాటు పడిపోయాం, పని మధ్యలో వినబడితే నేనైతే చిరాకుపడేదాన్ని. డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికే ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదు. నాయన నా బొమ్మలో ఎరుపు ఎక్కడని అడిగాడు. ఆయన దగ్గు ఎక్కడినుంచి వస్తోందో నేను ఒక్కనాడూ అడగలేదు.