అచ్చం అలాంటిదే ఇంకోటి

బొమ్మలు వేయడం నాకెవరూ నేర్పలేదు. బోధన్‌లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అట్టముక్క మీద రంగునీళ్లు ఒలకబోసి, ఆ మరకను చూస్తూ కూర్చుంటాను. అందులో ఏదో ఒకటి కనబడుతుంది. దాని వెంట చెయ్యి పోతుంది. సగమయ్యేదాకా ఏం వేస్తున్నానో నాకే తెలియదు.

అట్లా ఒకసారి చెరుకు తోటలో నిద్రపోతున్న ఆవు వచ్చింది. దాని కొమ్ముల మధ్య నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్లలో ఒక ఇల్లు. మోస్రా నుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆంటీ ముచ్చటపడి దాన్ని పట్టుకెళ్లింది. వాళ్ల పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నారు. నెల తిరక్కుండా ఆంటీ మళ్లీ వచ్చింది.

"పెద్దకోడలి గదిలో పెట్టామమ్మా. ఇప్పుడు చిన్నది అలిగి కూర్చుంది. అచ్చం అలాంటిదే ఇంకోటి వేసిపెట్టు."

"గట్లనే మల్ల రాదు ఆంటీ."

"నువ్వు వేసిందేగా! చూసి వెయ్యి," అని ఫోన్‌లో ఫోటో పంపింది.

ఫోటో ముందు పెట్టుకుని వేశాను. ఆవు వచ్చింది కానీ నిద్రపోలేదు, కళ్లు మూసుకుందంతే. రెండోసారి కొమ్ములు స్కేలుతో కొలిచి గీశాను. క్యాలెండర్ బొమ్మలా తయారైంది. మూడోది చింపేశాను. ఫోటో పక్కన పడేసి, మామూలుగా రంగునీళ్లు పోసుకుని కూర్చున్నాను. అందులోనూ ఆవే! ఇంకేమీ కనబడలేదు. అప్పుడు నిజంగా భయమేసింది.

"ఒకపారి ఏసినవ్ గదా, మల్ల ఎందుకస్తలేదు? సేతులు గవేనాయె," అన్నాడు మా ఆయన.

"నాకేం తెల్సు? నన్నడుగకు," అని అరిచాను. పాపం, ఆయన మామూలుగానే అడిగాడు.

చివరికి నా వల్ల కాదని ఆంటీకి ఫోన్ చేశాను. "దానికేముందమ్మా," అంది తేలిగ్గా.

పది రోజుల తర్వాత జాకెట్లు ఇచ్చి రావడానికి వాళ్లింటికి పోతే, రెండు గదుల్లోనూ నా బొమ్మ ఉంది. ఫోన్‌లో ఫోటోను నిజామాబాద్‌లో పెద్దగా ప్రింట్ తీయించి, అద్దం కట్టించారట.

"దానికన్నా ఇదే బాగుంది కదండీ? మెరుస్తోంది," అంది చిన్నకోడలు సంబరంగా.

ఆమెది తప్పనలేను. ఆంటీదీ కాదు. మరి నాకొచ్చిన కోపం ఎవరి మీదో! టీ తాగి పొమ్మంటున్నా ఆగకుండా రోడ్డు మీదికి వచ్చేశాను. ఆ వారమంతా జాకెట్లే కుట్టాను, కుట్లు కూడా వంకరగా పడ్డాయి.