లీల తెరిచిన పేజీ

తొర్రూరు బజారులోని బట్టల దుకాణం తెరవగానే లీల కొంగు నడుముకు దోపుకుని పాత కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. చీరల ఫొటోలు కనబడకపోతే ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే తన పేజీని మళ్లీ లోడ్ చేస్తుంది. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో పేరుకుపోయిన పాత డేటా తుడిచేసి, తిరిగి లాగిన్ అవుతుంది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డంత ఓపికగా తెర వంక చూస్తుంది. లైవ్ వీడియోలో చీరల మడతలు విప్పి చూపిస్తూ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆ మాటతీరును ఎగతాళి చేస్తూ కొందరు వీడియో కింద రాస్తారు. ఆమె అవి చదువుతుంది కానీ చెరపదు.

మొన్న శ్రావణంలో, గిరాకీ బాగుండే రోజుల్లో, ఎవరో పనిగట్టుకుని ఫిర్యాదులు చేయడంతో పేజీ మూతపడింది. "మళ్ల తెరిస్తే జర పుస్తకాల భాష మాట్లాడు బిడ్డా, నలుగురు నవ్వుతున్నరు" అన్నాడు దుకాణం చూసుకునే మామ ఎల్లేశం. పేజీ మళ్లీ తెరవమని కంపెనీవాళ్లకు లీల గుర్తింపు కార్డు ఫొటో పంపితే మసకగా ఉందని తిప్పి పంపారు. కార్డును గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి మళ్లీ తీసి పంపింది. పేజీ తెరుచుకోగానే పాస్‌వర్డ్ మార్చి, ఆ పూటే లైవ్‌లోకి వచ్చింది.

"అక్కా, మంచిగున్నరా? నా పేజీ బంద్ చేయించిన్రు. నేను మళ్ల తెరిచిన."

వెంటనే ఒకడు, ఇదేం భాష అని రాశాడు. లీల దాన్ని పైకే చదివింది.

"తొర్రూరు భాష అన్నా. చీర కావాల్నా?"

ఎల్లేశం అరలోంచి ఇంకో చీర తీసి ఆమె చేతికి అందించాడు.