బాపు రాగానే పెట్టుకున్న గుండీలు

మా ఇళ్లలో ఒక పద్ధతుంది. కన్నతండ్రి ఎదుట మగవాడు తన బిడ్డను ఎత్తుకోడు. ఎత్తుకుంటే సిగ్గులేనివాడని లెక్క. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గానీ, దొరికితే రెండు తగిలించాలని ఉంది. పాలకుర్తిలో పురుగుమందుల దుకాణం నడుపుతూ, రోజంతా రైతుల మీద నోరు చేసుకునే నేను కూడా బాపు ముందు దాన్ని దాటే మొనగాణ్ణి కాదు.

నా బిడ్డ ఏడో నెల నిండగానే తొందరపడి పుట్టింది. రెండు దోసిళ్లలో ఇమిడేంత మనిషి. నా భార్యకు బీపీ పెరిగి, ఆపరేషన్ చేసి, వేరే వార్డులో కదలకుండా పడుకోబెట్టారు. బిడ్డ బరువు పెరిగితేనే జనగామ దవాఖాన నుంచి ఇంటికి పంపుతామన్నారు. పిల్లల వార్డు సిస్టర్ నన్ను లోపలికి పిలిచి చొక్కా విప్పమంది. సూది నాకేమోనని ఒక క్షణం హడలిపోయాను.

తల్లి లేవలేదు కాబట్టి తండ్రి ఒంటి వెచ్చదనమే దిక్కని ఆమె చెప్పింది. ఛాతీ మీద పెట్టుకోవాలట, వీపు నిమరాలట, మెల్లగా మాట్లాడుతుండాలట. ఆ స్పర్శతో, ఆ గొంతుతోనే నెలలు నిండని పిల్లలు ఎదుగుతారట. నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, బిడ్డను ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, గుడ్డ చుట్టి ముడేసింది.

ఏం మాట్లాడాలి? పెళ్లాంతోనే రోజుకు పది మాటలు దాటని మనిషిని. వచ్చిందేదో చెప్పాను. పత్తికి పచ్చదోమ ఎప్పుడొస్తుంది, ట్యాంకుకు మందెంత కలపాలి. బిడ్డ హాయిగా నిద్రపోయింది. దుకాణంలో నా మాటలు వినే రైతులూ ఇంతే.

బాపు రోజూ పొద్దున్నే అన్నం గిన్నెతో వచ్చేవాడు. అద్దంలోంచి ఆయన తెల్ల తువ్వాల కనబడగానే బిడ్డను సిస్టర్ చేతిలో పెట్టి, గబగబా గుండీలు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి నిలబడేవాణ్ణి. ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చునేవాడు. నేను పక్కనే నిలబడేవాణ్ణి. బిడ్డ లోపల వెచ్చటి పెట్టెలో ఒంటరిగా ఉండేది.

వారమైనా తూకం కదల్లేదు. ఒకరోజు తగ్గింది కూడా. పాలు పడటం లేదేమోనని డాక్టరును అడుగుతుంటే సిస్టర్ అడ్డం వచ్చింది.

“పాలది కాదన్నా తప్పు. మీ బాపు రాంగనే బిడ్డను దింపుతున్నవ్. గిట్ల జేస్తే యాడికెళ్లి పెరుగుతది?”

తల కొట్టేసినట్టయింది. ఆ మాట నిజం. నా సిగ్గు కోసం నా బిడ్డను పస్తు పెట్టినట్టే కదా!

మర్నాడు ఆమె రెండు ముళ్లు గట్టిగా బిగించి, బాపు చేత చేతులు కడిగించి, తానే లోపలికి తీసుకొచ్చింది. నేను లేవబోయాను. ముడి లేవనివ్వలేదు. బాపు ముందు పొట్ట బయటపెట్టుకుని, జమీందారులా వెనక్కి వాలి కూర్చున్నాను. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

బిడ్డతో మాట్లాడుతుండాలని సిస్టర్ బాపుకూ చెప్పింది. ఏం చెబుతున్నావని అడిగాడు. పచ్చదోమ గురించని నసిగాను. పసిపిల్లకు పురుగుమందుల ముచ్చటేందని విసుక్కుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా వైపు చూడకుండా బిడ్డతోనే మొదలుపెట్టాడు.

“మీ నాయినను మూడేండ్లు ఎత్తుకోలె బిడ్డా. మా బాపు పోయినంకనే ఎత్తుకున్న. నేనెవలో తెల్వక ఏడ్సిండు.”

ఈ సంగతి ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. దుఃఖం ఆగలేదు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ బిడ్డ మీదే ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం దాకా దింపలేదు.

తెల్లారి తూకం మొదటిసారి పైకి కదిలింది. చిన్న కదలికే, కానీ సిస్టర్ రెండుసార్లు చూసి మరీ రాసుకుంది. అంతలో బాపు దిగాడు. తలంటుకుని, గోళ్లు తీయించుకుని, ఉంగరం ఇంట్లో పెట్టి వచ్చాడు. ముందురోజే సిస్టర్‌తో మాట్లాడుకున్నాడట. పొద్దున ఆయన వంతు, మధ్యాహ్నం నాది. కుర్చీలో కూర్చుని, మొదటి గుండీ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

“నువ్వు జర బయటికి పో,” అన్నాడు నాతో. “నీ ముంగట నాకు సిగ్గయితది.”