కడగని జీపు

పగలంతా నా పని మెరుగు పెట్టడం. ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణం వెనక గదిలో కూర్చుని తెగిన గొలుసులు అతుకుతాను, రాయి ఊడిన కమ్మలకు రాయి పొదుగుతాను, మసకబారిన గాజులు రుద్ది తళతళలాడించి పంపుతాను. సాయంత్రం ఇంటికొచ్చి చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, అచ్చం నిజం బండ్లలా ఉండే చిన్న చిన్న కార్లూ లారీలూ చేస్తాను. చేసి, వాటికి తుప్పు పూస్తాను.

నిజం తుప్పు కాదు. ఇటికపొడి, కాఫీపొడి, రంగు సుద్దముక్కల పొడి జిగురునీళ్లలో కలిపి సన్నటి కుంచెతో అద్దుతాను. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు కొత్త బండి చేయడం గొప్ప కాదు. తలుపు కింద కారిన తుప్పు చార, చక్రాల పైన ఎండిన బురద, డ్రైవరు మోచెయ్యి ఆనించే చోట రంగు పోయిన మచ్చ, అదీ పనితనం. ఫోన్లో మాకొక గుంపుంది. నిగనిగలాడే కారు ఫొటో పెడితే బాగుందని ఊరుకుంటారు. బురద కొట్టుకున్న లారీ పెడితే ఎట్లా చేశావని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా దారి మాది.

"పొద్దుగూకులూ బంగారంలో పని చేస్తావు, ఇంటికి తెచ్చేది మాత్రం తుప్పు" అంటుంది నా భార్య. ఆమె మాటలు నేను పట్టించుకోను. పట్టించుకుని ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు.

మా అక్కను జమ్మలమడుగులో ఇచ్చారు. బావ జీపు తోలేవాడు. జమ్మలమడుగు నుంచి మైలవరం, చుట్టుపక్కల పల్లెలకు మనుషులను ఎక్కించుకుని తిరిగే బండి. కొండాపురం పక్క ఊళ్లు గండికోట జలాశయం నీళ్లలోకి పోయేటప్పుడు ఎంతమంది మంచాలూ బీరువాలూ తులసికుండీలూ ఆ జీపులోనే కొత్త కాలనీలకు చేరాయో లెక్కలేదు. ఎన్ని మోసినా బండి మీద మట్టి నిలవనిచ్చేవాడు కాదు బావ. తెల్లారి లేచి మొహం కడుక్కునే ముందు బండి కడిగేవాడు. ఎక్కేవాళ్ల చేత కాళ్లు దులిపించేవాడు. ఒకసారి పెళ్లికి పోతూ నేనే చెప్పులకు బురదతో ఎక్కబోతే, "దిగు అప్పా, ఆడ రాయి ఉండాది, గీరుకోని రా" అన్నాడు. పెళ్లివాళ్లందరి ముందూ దిగి గీరుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ రోజంతా బావతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేడు.

ఇక దసరాకు ఆయుధపూజ వచ్చిందంటే ఆ ఇంట్లో పెళ్లి సందడే. జీపుకు తలస్నానం అని అక్క నవ్వేది. విభూతి పట్టెలు, కుంకుమ, బంతిపూల హారం, ముందర రెండు పక్కలా అరటిపిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు. బూడిదగుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టి, ఆ నిమ్మకాయల మీదుగా బండిని కొంచెం ముందుకు తోలి దిగేవాడు. అప్పుడు గానీ ఇంట్లో ఎవరికీ పాయసం లేదు.

బావకు చక్కెర జబ్బు కళ్లకు ఎక్కింది. దూరంగా ఉన్నవి మసక, దగ్గరగా పెట్టుకుంటేనే తెలుస్తాయి. బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. పులివెందుల దగ్గర అరటితోట ఉన్న ఒకాయన జీపు కొనుక్కున్నాడు. తీసుకుపోయే రోజు కూడా బావ తెల్లారే లేచి కడిగే ఇచ్చాడని, బండి వీధి మలుపు తిరిగేదాకా మళ్లీ ఆయన బయటికి రాలేదని అక్క చెప్పింది.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను జమ్మలమడుగు పోతే బావ ఎన్నడూ లేనిది మొహమాటపడుతూ అడిగాడు.

"అప్పా, నువ్వు ఆ బొమ్మలు చేస్తాంటావు గదా. నా బండి చెయ్యగలవా? పండగ పొద్దు ముందర పెట్టుకుంటా."

వంటింట్లోకి పిలిచి అక్క మెల్లగా అంది. "చేసియ్యి రా. ఆ పొద్దు వాకిట్లో ఏమీ ల్యాకుండా ఎట్ల కూర్చుంటాడో అని నాకు శానా దిగులుగా ఉండాది."

చేసిస్తానన్నాను. సంతోషంగానే అన్నాను. కానీ ఆ సంతోషంలో బావ వంతు ఎంత, నా వంతు ఎంత అని ఇప్పుడు తూకం వేసుకుంటే సిగ్గేస్తుంది. జీపు నేనెప్పుడూ చేయలేదు. నాకు కావలసింది జీపు.

కొలతలు కావాలంటే బండిని చూడాలి. బావ ఇంట్లో ఉన్న ఫొటోల్లో జీపు కంటే పూలే ఎక్కువ కనపడుతున్నాయి. బస్సెక్కి పులివెందుల పోయి, అక్కడి నుంచి ఆటోలో తోట చేరాను. జీపు షెడ్డు పక్కన ఎండలో ఉంది. వెనక అరటిగెలల జిగురుతో నల్లటి మరకలు. సీట్ల మీద ఎరువుల సంచులు. ఎడమ పక్క మడ్డుగార్డుకు అరచేతి వెడల్పు సొట్ట, దాని చుట్టూ రంగు లేచిపోయి తుప్పు. కంచెకు పాతిన రాతికూసానికి తగిలిందని తోట మనిషి చెప్పాడు. ఒళ్లంతా ఎర్రటి దుమ్ము, వాన చినుకులు పడి ఆరిన చారలు.

నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఇది దాచుకుని లాభం లేదు. ఇలాంటి బండి కోసం మా గుంపువాళ్లు వెతుక్కుంటారు. వంగి, పడుకుని, చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాను. సొట్టకైతే దగ్గరి నుంచి, దూరం నుంచి, నీడలో, ఎండలో తీసుకున్నాను. పోతూ పోతూ చక్రం దగ్గరి మట్టి కొంచెం కాగితంలో పొట్లం కట్టుకున్నాను. రంగు కలపడం ఎందుకు, ఆ మట్టే పూయొచ్చు కదా అని.

బస్టాండులో ఉండగానే బావ ఫోను చేశాడు.

"చూస్తివా? ఎట్లుండాది?"

"బాగుండాది బావా."

"కడుగుతాండారా?"

"ఆ, బాగానే చూసుకుంటాండారు."

ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది. అబద్ధం చెప్పానని కూడా తోచలేదు అప్పుడు. పెద్దమనిషిని బాధ పెట్టడం ఎందుకనుకున్నాను, అంతే. నోటితో అబద్ధం చెప్పి, ఇంటికొచ్చి అదే నిజాన్ని చేతులతో చేయడం మొదలుపెట్టాను. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురవుతాయని నా బుర్రకు తట్టనే లేదు.

జానెడు జీపు. కింది స్ప్రింగు పట్టీలకు బంగారు పనిలో వాడే సన్నతీగ వాడాను. ముందు దీపాలకు రెండు తెల్లరాళ్లు పొదిగాను. స్టీరింగు తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది సొట్ట మీద. వేడి చేసిన ఇనుపమొనతో కొంచెం కొంచెంగా నొక్కి, ఎక్కువై పారేసి, మళ్లీ రేకు కోసి, మళ్లీ నొక్కి, అచ్చంగా దించాను. చివర పులివెందుల మట్టిని పలచటి గుడ్డలో జల్లించి జిగురునీళ్లతో పూశాను.

నా భార్య వచ్చి చూసి, "మీ బావ బండికి ఇంత దుమ్ము ఎప్పుడుండె?" అంది.

"నీకు తెలీదులే పో" అన్నాను. గుంపులో ఫొటో పెట్టాను. పొగడ్తలు వచ్చిపడుతున్నాయి. వాటిని చదువుకుంటూ ఆమె ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా చూడలేదు.

ఆయుధపూజ పొద్దున చెప్పులడబ్బాలో దూది పరిచి, జీపును అందులో పడుకోబెట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో జమ్మలమడుగు పోయాను. బావ తలస్నానం చేసి కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు. వాకిలి కడిగి ముగ్గేశారు. జీపు నిలబడే చోట పసుపు రాసిన పీట ఉంది. జానెడు ఉంటుందని నేను ఫోన్లో చెప్పి ఉన్నాను కాబట్టి అన్నీ ఆ కొలతకే సిద్ధం చేసుకున్నాడు. అక్క చేత చేతిగాజంత బంతిరేకుల హారం కట్టించాడు. అరటిపిలకల బదులు రెండు గరికపోచలు. చక్రాల కిందికి నిమ్మకాయలు పెద్దవవుతాయని బఠాణీగింజలంతటి ఉస్తికాయలు నాలుగు ఏరి తమలపాకులో పెట్టుకున్నాడు.

డబ్బా తెరిచి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని కళ్ల దగ్గరికి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన బొటనవేలు మడ్డుగార్డు మీద ఆగింది.

"ఇదేంది?"

"సొట్ట బావా. అచ్చం అట్లనే వచ్చింది చూడు" అన్నాను. అంతటితో ఆగానా, "రాతికూసానికి ఆనిందంట. ఆ మట్టి కూడా ఆ తోట మట్టే" అని చెప్పాను.

"వాళ్లు కడగరా?"

అప్పటికి గానీ నేను చేసింది నాకు అర్థం కాలేదు. బావ పీట ముందు కూర్చుని, భుజం మీది కండువా కొస చెంబులో ముంచి, జీపు కడగడం మొదలుపెట్టాడు. ముందు పైకప్పు, తర్వాత బానెట్టు, తర్వాత ఎడమ పక్క. ఏళ్ల తరబడి తెల్లారి లేచి చేసిన వరుస అదే. ఎర్రనీళ్లు ముగ్గు మీదికి కారాయి. మట్టితో పాటు కింది రంగు కూడా లేస్తోంది.

"ముట్టుకోవద్దు బావా. పాడైపోతాది. నీకేం తెలుసని రుద్దుతాండావు?" అని అరిచాను. అరవడమే కాదు, ఆయన చేతుల్లోంచి జీపును లాక్కున్నాను.

బావ చేతులు పట్టుకున్నది పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి. పక్కింటివాళ్లు వాళ్ల బండికి పూలు కడుతూ ఇటు తిరిగి చూశారు. పండగపూట, ఆయన వాకిట్లో, ఆయన బండి. ఎవరిది కాబట్టి లాక్కున్నాను?

"తప్పైపాయ అప్పా. తెలీక ముట్టుకుంటి" అన్నాడు.

నేను జీపును పీట మీద పెట్టాను. పూజ జరిగింది. కానీ ఆయన బానెట్టుకు కుంకుమ పెట్టలేదు, పీటకు పెట్టాడు. ఉస్తికాయలు చక్రాల కింద కాకుండా ముందర వరసగా ఉంచాడు. హారం జీపు మెడలో వేయకుండా పక్కన చుట్టి పెట్టాడు. దానికి వేలు తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో చూస్తూ నిలబడ్డాను. గుమ్మడికాయ కూడా మెల్లగానే కొట్టాడు.

పాయసం తినేటప్పుడు అక్క, "బండి అట్ల పెట్టుకున్నారని ఎవురూ ఒక మాటన్నా చెప్పకపోతిరే" అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల వంచుకున్నాను. బావ మాత్రం నా వైపే తిరిగి, కోపం లేకుండా అన్నాడు.

"ఫోన్లో బాగుండాదని చెప్తివే అప్పా."

కోప్పడి ఉంటే ఏదో ఒకటి అనేవాడిని. నాకు ఆ విద్య బాగా వచ్చు. ఆయన కోప్పడలేదు. సగం తిన్న పాయసం గిన్నె కింద పెట్టి లేచాను. బయలుదేరేటప్పుడు అక్క చెప్పులడబ్బా తెచ్చి నా చేతికే ఇచ్చింది. "తీసుకుపో రా. ఆయప్ప దాన్ని చూడల్యాడు."

ఇంటికొచ్చాక గుంపులో ఒకాయన ఇంకా అడుగుతున్నాడు, ఆ దుమ్ము అంత సహజంగా ఎట్లా కుదిరిందని. ఫొటో తీసేశాను. జీపును బల్ల మీద పెట్టి, మిగిలిన రంగంతా కడిగేశాను. సొట్టలో మైనపుముద్దలాంటి పుట్టీ కూరి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో చదును చేశాను. బావ బండికి ఉండిన నీలం రంగే కలిపి పూశాను. ఆరాక మెత్తటి గుడ్డతో, దుకాణంలో గాజులు రుద్దినట్టు రుద్దాను. నా బొమ్మల్లో ఒకదానికి మెరుగు పెట్టడం అదే మొదలు. నా భార్య చూసి, "ఇదీ మీ బావ బండి" అంది. ఈసారి ఆమెను పొమ్మనలేదు. పులివెందుల తోటలో నిజం జీపు ఇంకా అట్లానే ఉంటుందని, దాన్ని నేనేమీ చేయలేనని రుద్దుతున్నంతసేపూ తెలుసు.

పండగ పోయింది. మామూలు ఆదివారం చూసుకుని జమ్మలమడుగు పోయాను. బావ వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒకప్పుడు జీపు నిలిచే చోటుకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. డబ్బా తెరిచి, జీపును అరుగు మీద ఆయన పక్కన పెట్టాను. ఎండకు నీలం మెరిసింది.

చూడాలంటే ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకోవాలి. తీసుకోలేదు. కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నడుము వంచి, మొహాన్నే జీపు దగ్గరికి తీసుకుపోయాడు. మడ్డుగార్డు దగ్గర చాలాసేపు ఉన్నాడు. ఆ వంగిన నడుము నేను చూడలేకపోయాను.

అట్లా వంగే అడిగాడు. "ముట్టుకోవచ్చునా అప్పా?"

"నీ బండే గదా బావా" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడి, భుజం మీది కండువా తీసి రెండు చేతులూ తుడుచుకున్నాడు. పొడిగానే ఉన్న చేతులు. వాటిని తిప్పి చూసుకుని, మళ్లీ తుడుచుకున్నాడు.