బావి తవ్వేదాకా అది అప్పే

నిన్న పొద్దున మనవరాలు ఫోన్ చూస్తూ, "అవ్వా, పుంగనూరు రూతమ్మవ్వ పోయిందంట" అంది.

నమ్మలేదు. రెండోసారి చదివించుకున్నాను.

తొంభై ఆరేళ్ల మనిషి పోతే షాక్ ఏంటంటారా? నాకు తొంభై ఐదు. నువ్వే ముందు పోతావని నాతో పందెం కాసింది మహాతల్లి.

పైగా గ్రూపులో అందరూ "శాంతమూర్తి", "నోట్లో నాలుక లేని మనిషి" అని మెసేజ్‌లు.

ఎవరి గురించండీ ఇదంతా? రూత్‌తో ఒక్క మీటింగులో కూర్చుని ఉంటే ఆ మాట రాసేవాళ్లు కాదు.

చిరాకేసి మనవరాలితో ఇది టైప్ చేయిస్తున్నాను.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో మదనపల్లెలో మాకో చిన్న మహిళా సంఘం ఉండేది. కుప్పంలో ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లం. రూత్ ట్రెజరర్, నేను సెక్రటరీ. ఇద్దరికీ ఇరవై అటూ ఇటూ.

హాస్టల్లో నీళ్లు లేవు. పిల్లలు మైలు దూరం నుంచి బిందెలు మోసేవాళ్లు. గుడుపల్లె రైతు కుటుంబంలోని ఒక పెద్దామె, హాస్టల్లో ఉన్న తన మనవరాలి అవస్థ చూడలేక, బావి తవ్వించమని తన గాజులు అమ్మి డబ్బిచ్చింది.

ఆ ఏడాది జనరల్ బాడీలో రూత్ బ్యాలెన్స్ షీట్ చదివింది. కుడివైపు ఆస్తులు, అంటే బ్యాంకులో ఉన్న డబ్బు. ఎడమవైపు అప్పులు. అందులో మొదటి లైనే 'బావి నిధి'.

ప్రెసిడెంటమ్మ భగ్గుమంది. "మనకు అప్పు యాడుండాది? డబ్బు బ్యాంకులోనే ఉండాది గదా! దాంతో ఈడ మీటింగ్ హాలు కట్టుకుందాం."

"అది మన డబ్బు కాదమ్మా. బావి తవ్వేదాకా ఆయమ్మకు మనం అప్పే."

"ఆయమ్మ తిరిగి అడిగిందా?"

"అడగదు. అందుకే రాసిపెట్టినాను."

మళ్లీ మొదట్నుంచీ చదివింది. సంఘానికి లాభం ఉండదని, మిగులే ఉంటుందని, ఆ మిగులులో ఏది మన ఇష్టమో, ఏది ఇచ్చినవాళ్ల ఇష్టమో, ఒక్కో లైనూ.

పదికి మొదలైన మీటింగు మూడైనా తెమల్లేదు. అన్నం చల్లారిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"సాల్లే మే, వదిలేయ్" అని కొంగు లాగాను. విదిలించుకుంది.

చివరికి ఆకలికి ఆగలేక ప్రెసిడెంటమ్మ సంతకం పెట్టింది. బావి డబ్బు బావికే దక్కింది.

వెంటనే రూత్‌ను ట్రెజరర్‌గా తీసేయాలని ఓటు పెట్టారు. అందరూ చేతులెత్తారు.

నేనూ ఎత్తాను.

తిరిగొచ్చేటప్పుడు పుంగనూరు బస్సులో రూత్ అడిగింది. "వాళ్లకు అర్థం కాలేదు, సరే. నీకు అర్థమయ్యి కూడా యాల ఎత్తినావు?"

ఆ తర్వాత మా మధ్య ఆర్నెల్లు మాటల్లేవు.

ఎండాకాలంలో తనే మా ఇంటికొచ్చింది. "పడినాయి సరోజా, తియ్యటి నీళ్లు!" అంటూ నన్ను కుప్పం లాక్కెళ్లింది. పిల్లలు తోడినవి తోడినట్టు ఒకరి మీద ఒకరు పోసుకుంటున్నారు. మేమిద్దరం కూడా తడిసి ముద్దయ్యాం.

నన్ను క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. అడిగే ధైర్యం నాకూ రాలేదు. ఇన్నేళ్లున్నా!

రూతూ, ఆ రోజు తప్పు నాదే.

ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి. ఆయన్నైనా కాస్త మాట్లాడనీ తల్లీ.

వెళ్లిరా.