ముందుగా చెప్పి వెళ్ళారా?

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాయడానికి చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను ఆరో తరగతిలో బడి మానేసి, గోనె సంచుల మిల్లులో నారని వేళ్ళతో తడిమి రకాలు తేల్చడం నేర్చుకున్నవాణ్ణి. మిగతా చదువంతా పకోడీ పొట్లాల కాగితాల మీదే సాగింది. కానీ మొన్న సోమవారం పొద్దున్నే మా సారుగారి భార్య ఫోన్ చేసి, "సారు వెళ్ళిపోయారండీ. రేపు పదింటికి చర్చిలో ప్రార్థన. ఆ చెరువూరి వాళ్ళకి మీరే ఒక ఫోన్ కొట్టండి, మీ మాటైతే వస్తారు," అన్నారు. సరేనమ్మా అన్నాను. ఫోను చేతిలోనే ఉంది, నంబరూ ఉంది. వేలు మాత్రం కదల్లేదు. ఎందుకు కదల్లేదో చెప్పాలంటే ఇదంతా రాయక తప్పదు.

సారు సైంటిస్టు. గోగునార మీద, ఆ నార తీసే చెరువుల నీళ్ళ మీద సర్కారు పెట్టిన పరిశోధన స్కీముకి అధికారి. ఆఫీసు మద్దిలపాలెంలో, టిఫిన్ హోటలు మేడ మీద రెండు గదులు. కిటికీకి ఇనుప ఊచలు, ఊచల అవతల బస్ డిపో. నేను మిల్లు మూతపడ్డాక అక్కడ ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం. సారు నాకన్నా రెండేళ్ళే చిన్నవాడు, అయినా నన్ను "పెద్దాయనా" అని పిలిచేవాడు.

గోగు అంటే గోంగూరకి దగ్గర చుట్టం. ఆకు పచ్చడికి, కాడ తాడుకి. కాడలు కట్టలు కట్టి, మట్టిపెళ్ళలు బరువు పెట్టి చెరువులో ముంచితే, రెండు మూడు వారాలకి కుళ్ళి నార ఊడొస్తుంది. ఆ వాసన ఒంటికి పట్టిందంటే బస్సులో సీటుకి ఢోకా ఉండదు, పక్కవాళ్ళే లేచిపోతారు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నన్ను పెరట్లో రెండు బకెట్లు పోసుకుంటేగాని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అది వేరే కథ. అసలు సంగతేమిటంటే, నార ఊడేసరికి చెరువు నల్లబడుతుంది, చేపలు గాలికోసం పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

ఆ చెరువూళ్ళో చేపలు పట్టే హక్కు వేలంలో పాడుకున్నావిడ ఒకతె ఏటేటా మొత్తుకునేది. రైతులా, ఇంకెక్కడ ఊరబెట్టుకోమంటావని ఎదురడిగేవారు. దానికి సారు దగ్గర ఒక దారి ఉంది. గట్టున గుంటలు తవ్వి, పరదాలు పరిచి, కాస్త నీళ్ళతోనే కాడ ఊరబెట్టడం. చెరువు నిజంగా పాడవుతోందని సారు రిపోర్టు తేలిస్తే ఆ ఊరికి గుంటలు వస్తాయి. తేలకపోతే రావు. అంతే లెక్క.

మూడు సీజన్లు వెళ్ళాం. జీపు దిగి, పరీక్షకి సీసాల్లో నీళ్ళు పట్టి, చెట్టు కింద కూర్చుని అన్నం తినేవాళ్ళం. సారు ముద్ద ముట్టేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. ఆ కాసేపూ రైతులు కూడా చేతులు కంచంలో పెట్టకుండా ఆగేవారు. సీసా విషయంలో సారుది ఒకటే పట్టు. "ముందు నింపండి, తర్వాత రాయండి." నింపకముందే చీటీ మీద రాశామంటే చూడబోయేది ముందే అనుకున్నట్టు అనేవాడు. మూడేళ్ళూ నీళ్ళు బాగానే ఉన్నాయని తేలింది. సారు తల గోక్కునేవాడు. "నా ముక్కు ఒకటి చెబుతోంది, సీసా ఒకటి చెబుతోంది పెద్దాయనా. ఎవర్ని నమ్మమంటారు?"

మూడో ఏడు తిరిగొస్తూ సగం దారిలో చూసుకుంటే సారు కళ్ళజోడు గట్టు మీదే ఉండిపోయింది. జీపు వెనక్కి తిప్పాం. వెళ్ళేసరికి రైతులు నడుంలోతు నీళ్ళలో దిగి, గోగు కట్టలు వరసగా ముంచుతున్నారు. పొద్దున్న మేం చూసినప్పుడు చెరువులో ఒక్క కట్ట లేదు, ఊరబెట్టడం అయిపోయిందేమో అనుకున్నాం.

"ఏటర్రా ఇది?" అన్నాడు సారు. ఆయన నోట ఊరిమాట వినడం అదే మొదలు.

పెద్దరైతు గట్టెక్కి, తడి చేతులు తలపాగాకి తుడుచుకుని, "మీరొత్తన్నారని ఫోనొచ్చింది గదా బాబూ. కట్టలు పైకి లాగేసి, కాలవ నీళ్ళొదిలి రెండ్రోజులు కడిగినాం. ఇల్లు తుడవకుండా సుట్టాన్ని పిలుత్తామా ఏటి?" అన్నాడు. మెచ్చుకుంటారేమోనని చూస్తున్నాడు.

చేపలావిడ వల పక్కన పడేసి పకపకా నవ్వింది. "మీరొచ్చినప్పుడల్లా సెరువుని పెళ్ళికూతుర్ని సేత్తారు సారూ! ఎల్లినాక సూడాల దాని మొకం. నా సేపలడిగితే సెప్తాయి."

ఫోన్ చేసింది నేనే. నీళ్ళ గురించి చెయ్యలేదు, కోడికూర గురించి చేశాను. ఇంతమందిమి వస్తున్నాం, అన్నం చూడండి అని చెప్పడం నాకు మర్యాద. చెరువు కడగడం వాళ్ళకి మర్యాద. మా రెండు మర్యాదలూ కలిసి ఆ ఊరికి రావలసిన గుంటల్ని రాకుండా చేస్తున్నాయి. పెద్దరైతు నావైపు చూశాడు. సారు మాత్రం చెరువువైపే చూశాడు.

జీపులో సారు అన్నాడు. "చెప్తే మూడేళ్ళ పని పోతుంది. స్కీమూ పోవచ్చు, మీ ఉద్యోగంతో సహా. చెప్పకపోతే చెరువు పోతుంది."

"నానేటి సెప్పగలను సార్," అన్నాను. చెప్పాల్సింది నా దగ్గరే ఉంది.

మర్నాడే పైకి రాసేశాడు, మూడు సీజన్ల లెక్కలూ నమ్మదగినవి కావని. స్కీము మూసేస్తారనుకున్నాం. మూసేసినా బాగుండేది. మూయలేదు, నడపనూ లేదు. జీపు వెనక్కి తీసుకున్నారు. బదిలీ అడిగితే సారు రాసిన వివరణ పరిశీలనలో ఉందన్నారు. వివరణ ఏమైందని అడిగితే బదిలీ పరిశీలనలో ఉందన్నారు. ఊచల వెనక కూర్చుని సారు డిపోలోంచి వెళ్ళే బస్సుల బోర్డులు చదివేవాడు. "అన్ని ఊళ్ళకీ పోతున్నాయి పెద్దాయనా," అనేవాడు. అంతకుమించి విసుక్కోగా నేను వినలేదు.

కానీ సీసాల సంచీ భుజానేసుకుని, సిటీ బస్సులో పెందుర్తి, అక్కణ్ణుంచి కొత్తవలస మీదుగా ఇంకో బస్సు, ఆపైన ఆటో ఎక్కి ఆ చెరువుకి వెళ్తూనే ఉన్నాడు. ఏ రోజు వెళ్తామో నాక్కూడా బస్టాపులోనే చెప్పేవాడు. అన్నం డబ్బాలో తెచ్చుకునేవాళ్ళం. అప్పటికిగాని ముక్కూ సీసా ఒకే మాట మీదికి రాలేదు. సీసాకి అంటించే చీటీ మీద కొత్తగా ఒక గడి అచ్చు వేయించాడు. "ముందుగా చెప్పి వెళ్ళారా?" దాన్ని నింపే పని నాకే అప్పజెప్పాడు. సీసా నింపాక "లేదు" అని రాసేవాణ్ణి.

ఒకసారి కింద హోటల్లో ధైర్యం చేశాను. "సార్, ఆ ఫోను..."

"టీ చల్లారిపోతోంది పెద్దాయనా," అన్నాడు.

ఆయన రిటైరయ్యేనాటికి ఈ కొత్త సీసాల లెక్కలతో పంపిన రెండో రిపోర్టు కూడా పరిశీలనలోనే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉందని విన్నాను. వెళ్ళేరోజు మిగిలిన చీటీల కట్ట, ఒక సీసా నా చేతిలో పెట్టి, "అప్పుడప్పుడు వెళ్తుండండి," అన్నాడు. ఒక్కసారీ వెళ్ళలేదు. అడిగినవాళ్ళకి మోకాళ్ళు అని చెప్పాను. ఎవరైనా నమ్మే కారణమది.

సోమవారం ఫోను జేబులో పెట్టేసుకుని, సీసా, చీటీల కట్ట తీసుకుని పెందుర్తిలో బస్సెక్కాను. చెరువు నిండా గోగు కట్టలు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. చేపలావిడ జుట్టు నెరిసింది, గట్టు మీద వల బాగుచేసుకుంటోంది.

"ఏటన్నా, ఫోనైనా సెయ్యకుండా ఒచ్చేసినావు?"

సారు పోయిన సంగతి, రేపటి ప్రార్థన సంగతి చెప్పాను. వల మీద చేతులు ఆగిపోయాయి.

"నా సేపల మాట కాయితం మీద ఎక్కించినోడు ఆయనొక్కడే," అంది. "రేపు పదింటికి గదా, ఊరంతా ఒత్తాంలే. గుంటలొత్తాయా అన్నా?"

"తెలీదమ్మా."

నీళ్ళలోకి వంగి సీసా నింపాను. మూత బిగించాను. ఊరు, తేదీ రాశాను. ముందుగా చెప్పి వెళ్ళారా అన్న గడిలో "లేదు" అని రాశాను. నాలుగింటి బస్సుకి తిరిగొచ్చేశాను.